కేజీ డీ6 గ్యాస్ బావుల్లోకి నీళ్లెలా వచ్చాయి?

కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటింది. ప్రణాళికలో రాసుకున్నది 80 మిలియన్లు. అక్కడికి చేరకపోగా ఏటా పడిపోయింది. దాన్ని నమ్ముకుని ఏపీలో కట్టిన విద్యుత్ కేంద్రాలు గ్యాస్ లేక ఆగిపోయాయి. బావుల్లోకి నీరు, ఇసుక చేరాయన్నది రిలయన్స్ వివరణ. అసలు నీరెందుకు వస్తుంది?

భూమి అడుగున గ్యాస్ చెరువులా ఉండదు. ఇసుకరాయి రేణువుల మధ్య సందుల్లో నీటితో కలిసి ఉంటుంది. నీరు రేణువులకు అంటుకుంటుంది, గ్యాస్ మధ్యలో ఉంటుంది. గ్యాస్ తోడేకొద్దీ పీడనం తగ్గి కింది నీరు పైకొస్తుంది. రేణువుల అంచులు పట్టుకుని పాకుతూ కొంత గ్యాస్‌ను బుడగలుగా బంధించేస్తుంది. అది ఇక రాదు. పైగా బావిలో నిలిచిన నీటి బరువు మిగతా గ్యాస్‌నూ అడ్డుకుంటుంది.

చమురు దగ్గర కథ మారొచ్చు. చాలా సున్నపురాళ్లకు చమురే అంటుకుంటుంది. చమురును తోయడానికి నీళ్లు పంపితే, అవి మధ్యలోంచి జారిపోతాయి. కొలతల్లోనూ తిరకాసే. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది, చమురులో పారదు. రాతిలో నీటి వాటాను ఇలాగే లెక్కగడతారు. రాయికి చమురు పట్టి ఉంటే నీటి దారులు తెగిపోయి, ఉన్న నీరు తక్కువగా కనిపిస్తుంది.

అనుకున్నన్ని బావులు తవ్వకపోవడమే కారణమని వాదించిన కేంద్రం, ఖర్చుల రికవరీకి కోత పెట్టింది. వివాదం ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది. నీరొస్తుందా అన్నది కాదు, ఎంత త్వరగా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఆ అంచనా మీదే విద్యుత్ కేంద్రాలకు బ్యాంకులు అప్పులిచ్చాయి. డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి.