పైవాడి వంతు, కిందివాడి హక్కు

శ్రీకాకుళంలో నాగావళి నీళ్లతో వుజూ చేసుకునే మనకు, ఆ నీరు మన దాకా రావాలంటే పైన ఎవరో దాన్ని వదలాలన్న సంగతి వేసవిలో తప్ప గుర్తుకు రాదు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి, రాయగడ ప్రాంతం దాటి మనవైపు వస్తాయి. ఒకటి కల్లేపల్లి దగ్గర, మరొకటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. అంటే మనం ఏటికి దిగువన ఉన్నవాళ్లం. దిగువవాడి బాధ ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

వంశధార నీటిని చెరి సగం పంచుకోవాలని రెండు రాష్ట్రాలూ 1962లోనే ఒప్పుకున్నాయి. ఒప్పుకున్న తరువాత కూడా నేరడి బ్యారేజీ లేవలేదు. వివాదం ముదిరి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది. 2017 సెప్టెంబరులో అది తీర్పు చెప్పింది. 115 టీఎంసీల్లో చెరి సగం తీసుకోవాలనీ, నేరడి బ్యారేజీకి ఒడిశా వైపున కావలసిన 106 ఎకరాలు అప్పగించాలనీ ఆ తీర్పు సారాంశం. ఒక సగం మాట ఖాయం కావడానికి యాభై అయిదేళ్లు పట్టింది! 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని నేరడి గురించీ, ముంపు అభ్యంతరాల మధ్య చిక్కుకున్న జంఝావతి గురించీ మాట్లాడుకున్నారు. జంఝావతి మీద 2006లో రబ్బరు డ్యాం కట్టి కొంత నీరు మళ్లించుకోగలిగాం గానీ, ఆ ఏటి కథ అక్కడితో తీరలేదు.

పైవాళ్లను మనం అడుగుతున్నది న్యాయమే. అడగాలి కూడా. అయితే సోదరులారా, ఇదే న్యాయాన్ని మన కాలువ గట్టు మీద మనం పాటిస్తున్నామా?

గొట్టా బ్యారేజీ ఎడమ కాలువనే తీసుకోండి. వంద కిలోమీటర్లకు పైగా సాగి టెక్కలి, నందిగాం, పలాస వైపు వెళ్తుంది. తల దగ్గర ఉన్న రైతు దమ్ము పట్టి ఉభాలు ముగించే సమయానికి శివారు రైతు ఇంకా ఆకాశం వైపే చూస్తుంటాడు. మధ్యలో ఒకరు అడ్డుకట్ట వేస్తారు, మరొకరు రాత్రిపూట మోటారు పెడతారు, ఇంకొకరు మదుము తలుపు విరగ్గొడతారు. వీళ్లలో ఏ ఒక్కరినీ దొంగ అనడానికి మాకు నోరు రాదు. ఎందుకంటే వాళ్లందరికీ ఒకే భయం ఉంది: ఇప్పుడు వదిలితే మళ్లీ వస్తుందో రాదో! కాలువలో పూడిక, గుర్రపుడెక్క, గండ్లు చూసినవాడికి ఆ భయం అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన అది ధర్మం కాదు. పొట్ట మీద ఉన్న చేనుకు ఆఖరి తడి అందక ఎండిపోతే, ఆ కుటుంబం ఏడాది కష్టమంతా పది రోజుల్లో పోతుంది.

మదీనాలో మహ్‌జూర్ అనే వాగు ఉండేది. వాన వచ్చినప్పుడు పారే వాగు. దాని నీటి గురించి దైవప్రవక్త (స) చేసిన నిర్ణయం హదీసు గ్రంథాల్లో ఉంది. పైపొలం రైతు చీలమండల లోతు నిలిచేవరకు నీరు పట్టుకోవచ్చు, ఆ తరువాత కిందివాడికి వదిలేయాలి. ఎంత సూటి కొలత! టీఎంసీ తెలియని రైతు కూడా తన కాలుతో కొలుచుకోగల కొలత. మొదటి వంతు పైవాడిదే, అందులో తగవు లేదు. కానీ మొదటి వంతు ఉన్నంత మాత్రాన నీరంతా అతని సొంతం కాదు.

మన దేశపు చట్టం కూడా దాదాపు ఈ మాటే అంటుంది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చింది. నీటిని తల నుంచి శివారు వరకు సమంగా పంచే బాధ్యతను నీటి వినియోగదారుల సంఘాలకు అప్పగించింది. చాలాకాలం తరువాత 2024 డిసెంబరులో ఆ సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఎన్నికైనవారు గెలుపు దండలు తీసేసి గట్టు మీద నడవాలి. ఇంజనీర్లు వంతుల తేదీలు ముందే ప్రకటించి, ప్రకటించిన తేదీకి నీరు ఇవ్వాలి. ఆ నమ్మకం కలిగిన నాడు రాత్రి మోటార్లు వాటంతట అవే తగ్గుతాయి.

“మనం ఈ జిల్లాల్లో కొద్దిమందిమి, అందులోనూ ఎక్కువమంది పట్టణాల్లో దుకాణాలు నడుపుకునేవాళ్లం, మనకెందుకీ కాలువల గొడవ?” అని కొందరు పెద్దలు అంటారు. మరి మన మేడలకు ఇసుక ఎక్కడి నుంచి వస్తోంది? ఏటిలో ఇసుక ఉంటేనే దాని అడుగున నీరు నిలుస్తుంది. అదుపు లేకుండా తవ్వితే ఏటిగర్భంలోని ఊటబావులు అడుగంటుతాయి, ఒడ్డు ఊళ్ల బావులూ ఎండుతాయి. ఏరును బాగుచేయాలని సభల్లో మాట్లాడుతూనే, రసీదు లేని లారీ ఇసుకను చవకగా దింపించుకునే ఇల్లు మన వీధిలోనూ ఉంది. పారే ఏటి ఒడ్డున వుజూ చేసినా నీరు వృథా చేయవద్దన్న ప్రవక్త (స) బోధ మసీదు గోడ మీద రాసి ఉంటుంది. కింద కుళాయి కారుతూనే ఉంటుంది.

విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల సంఘాలకు మేము ఒక్క ప్రయోగం సూచిస్తున్నాం. వచ్చే ఖరీఫ్‌లో ఒక్క పిల్లకాలువ మీద, ఒక్క వంతు, శివారు నుంచి మొదలుపెట్టి పైకి ఇచ్చి చూడండి. తల దగ్గరి మదుములు ఆ నాలుగు రోజులు మూసి ఉంచడానికి పైరైతుల చేతనే కాపలా పెట్టించండి. చివరి మడికి నీరు చేరిన రోజున వాళ్లను కూడా అక్కడికి పిలవండి.