లోతు కొలిచేవారికి కొలువేదీ?

సముద్రశాస్త్రంలో పరిశోధనకు దారులున్నాయి. పీహెచ్‌డీ చేతికొచ్చాకే అసలు తుపాను.

ఫిజిక్స్‌తో డిగ్రీ ముగించిన కుర్రాణ్ని తర్వాతేమిటని అడిగి చూడండి. ఎంసీఏ అంటాడు, ఎంబీఏ అంటాడు, సివిల్స్ అంటాడు. సముద్రశాస్త్రం అనేవాడు అరుదు. 1977లో దివిసీమ ఉప్పెననూ, 2004లో సునామీనీ, 2014లో హుద్‌హుద్‌నూ చూసిన తీరానికి ఇది వింతే. ఇంకా వింతేమిటంటే, దేశంలో ఈ చదువు ముందుగా వేళ్లూనుకున్న చోట్లలో విశాఖపట్నం ఒకటి. అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని అధ్యయనం చేశారు.

ఆ తర్వాత 1960లలో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది. దాని కొనసాగింపుగానే 1966లో జాతీయ సముద్రశాస్త్ర సంస్థ (ఎన్ఐఓ) పుట్టింది. కేంద్ర కార్యాలయం గోవాలో ఉంది. విశాఖ, కొచ్చి, ముంబైలలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. సముద్రమే లేని హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది. 2007 నుంచి సునామీ హెచ్చరికలు వెలువడుతున్నది అక్కడి నుంచే. చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు చెప్పేదీ ఆ సంస్థే.

ఈ రంగంలోకి రావడానికి పడవ నడపడం రానక్కర్లేదు. భౌతిక, రసాయన, జీవ, భూగర్భ శాస్త్రాల్లో దేనికైనా ఇక్కడ పని ఉంది. నెట్‌లో సముద్రశాస్త్రం కూడా కలిసిన భూశాస్త్రాల పేపరు ఉంది. అందులో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు రూ.37,000, తర్వాతి దశలో రూ.42,000 ఇస్తున్నారు. ఆడపిల్లను ఓడ ఎక్కించడమేమిటనే తల్లిదండ్రులకు ఒక పేరు చెప్పాలి. 1983లోనే అంటార్కిటికా యాత్రకు వెళ్లిన అదితి పంత్ ఎన్ఐఓ శాస్త్రవేత్తే.

ఇంతకీ ఓడలో చేసేదేమిటి? ఊగుతున్న డెక్ మీద నుంచి పరికరాన్ని నీళ్లలోకి దింపి, ఏ లోతులో ఎంత వేడి, ఎంత ఉప్పు ఉన్నాయో రాత్రీపగలూ కొలవడం. చూడ్డానికి చాకిరీలాగే ఉంటుంది. కానీ గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి తెచ్చిపోసే మంచినీరు బంగాళాఖాతం మీద తేలికపాటి పొరలా పరుచుకుంటుందని, అది అడుగునున్న చల్లనీటిని పైకి రానివ్వదని, పైన నిలిచిన ఆ వేడి తుపానుకు మేత అవుతుందని తెలిసింది ఇలాంటి కొలతలతోనే. తుపాను ఎటు వస్తుందో చెప్పడం కన్నా ఎంత బలపడుతుందో చెప్పడం కష్టం. ఆ కష్టం తీరాలంటే ఇంకా కొలవాలి.

చిక్కంతా తర్వాతే. ఫెలోషిప్ అయిదేళ్లకు ముగుస్తుంది. శాశ్వత ఉద్యోగాలున్నది వేళ్ల మీద లెక్కపెట్టగల ప్రభుత్వ సంస్థల్లో. మిగిలినవి ఎప్పుడు ముగుస్తాయో తెలియని ప్రాజెక్టు కొలువులు. చమురు కంపెనీలు, రేవులు, సర్వే సంస్థలు కొందరిని తీసుకుంటాయి. అక్కడ కావలసింది ఎక్కువగా సర్వే నైపుణ్యమే తప్ప పరిశోధన కాదు.

2021లో కేంద్రం రూ.4,077 కోట్లతో డీప్ ఓషన్ మిషన్‌ను ఆమోదించింది. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య-6000 వాహనం అందులో భాగమే. మంచిదే. కానీ వాహనం తెచ్చే సమాచారాన్ని ఏళ్ల తరబడి చదివి అర్థం చేసుకోవలసింది మనుషులు. వారిని కాంట్రాక్టు మీద కాంట్రాక్టుతో నెట్టుకొస్తే, చివరికి ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకో, విదేశీ విశ్వవిద్యాలయానికో చేరతారు. ఏటా ఇన్ని పోస్టులని ముందే ప్రకటించడం, తీరప్రాంత విశ్వవిద్యాలయాల విద్యార్థులకు పరిశోధన నౌకల్లో బెర్తులు కేటాయించడం కోట్ల పని కాదు.

తర్వాతి ఉప్పెన ఎలాగూ నియామకాల నోటిఫికేషన్ కోసం ఆగదు.