పాలపిట్టని లేపకండి

సంక్రాంతికి కృష్ణా జిల్లాలో మా పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా, పొద్దున్నే నాన్నతో చేలగట్ల మీద నడవడం నాకు అలవాటు. వరి కోతకి ముందే చల్లిన మినుము అప్పటికి పచ్చగా పరుచుకుని ఉంటుంది. గట్ల మీద తెల్లకొంగలు, చలిదేశాల నుంచి వచ్చి తోకాడిస్తూ తిరిగే చిన్నపిట్టలు, కరెంటు తీగ మీద పాలపిట్ట.

ఈసారి మా అబ్బాయి కెమెరాతో వచ్చాడు. పాలపిట్ట కూర్చున్నప్పుడు మామూలుగానే కనిపిస్తుంది. రెక్క విప్పిందా, ఆ నీలాలు చూడాల్సిందే! మావాడికి ఆ ఫొటోనే కావాలి. పావుగంట చూసి, విసుగొచ్చి, మట్టిబెడ్డ తీసి విసిరాడు. పిట్ట లేచింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

నాన్న ఒక్కటే అన్నారు: "అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేపుతామట్రా? అది మిడత కోసం కాసుకుని కూర్చుంది."

నేనూ వాణ్ణి కోప్పడబోయి ఆగిపోయాను. పెళ్ళయిన కొత్తలో హైదరాబాదులో, దసరా నాడు పంజరంలో పాలపిట్టని తెచ్చినవాడికి పది రూపాయలిచ్చి దణ్ణం పెట్టుకున్నదాన్ని నేనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరమని అప్పుడు నాకు తెలీదు. అయినా పండగనాడు పాలపిట్ట కనిపిస్తే శుభమన్నారు గానీ, పట్టి తెచ్చి చూపిస్తే శుభమని ఎవరన్నారు? డబ్బిచ్చి నేను చేసిందీ, బెడ్డతో వాడు చేసిందీ ఒకటే. దాని వీలు కాదు, మన తొందరే మనకి ముఖ్యం.

ఒక్క బెడ్డకే ఇంత రాద్ధాంతమా అంటారేమో. పండక్కి ఊళ్ళో దిగే ప్రతివాళ్ళ చేతిలోనూ ఇప్పుడు కెమెరా ఉంది. తలా ఒకసారి లేపితే అది తినేదెప్పుడు? ఫొటో కోసం చేలో దిగితే మన కాళ్ళ కింద నలిగేది రైతు మినుము. ఆ చేలో మిడతల్ని, పురుగుల్ని ఏరిపెట్టేదేమో ఆ పిట్ట.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు మూడే నియమాలు: గట్టు దిగకూడదు, చప్పట్లు కొట్టకూడదు, బెడ్డ విసరకూడదు.

మర్నాడు మావాడు గట్టు మీద కదలకుండా గంటసేపు కూర్చున్నాడు. పిట్ట తనంతట తనే మిడత మీదకి దూకింది. ఫొటోలో తోక ఒక్కటే పడింది, అదీ మసగ్గా. "పోనీలేరా, దానికి టిఫినయింది," అన్నారు నాన్న.

ముందురోజు ఫొటో తీసెయ్యమని నేను అనలేదు. వాడే ఎవరికీ పంపలేదు.

పిల్లలకి కెమెరా కొనిచ్చేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పి ఇవ్వండి. నేను చెప్పకుండా ఇచ్చాను.