పట్టుకున్న పావు పెట్టెలోకే పోవాలా?



ఆదివారం మధ్యాహ్నం చెస్ బోర్డులు ఎవరికి ఇవ్వాలి, వాటి మీద ఏ ఆట ఆడనివ్వాలి అనే విషయం వచ్చే ఆటల కమిటీలో తేలుస్తారని నోటీసు పెట్టినారు. "రూల్సు మార్చి ఆడేది చెస్ కాదు, పిచ్చి ఆట, దానికి బోర్డులు ఇవ్వద్దు" అని కొందరు అంటున్నారు. నా అభిప్రాయం ఏమిటంటే ఇవ్వాలి. ఎందుకు ఇవ్వాలో ఈ గోడపత్రికలో రాయనిమ్మని అడిగితే తెలుగు మేడం గారు రెండు కాగితాలు ఇచ్చారు. అక్షరాలు కొంచెం చిన్నగా రాసాను, దగ్గరకొచ్చి చదవండి.

ముందు ఆ ఆటలేమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. లెక్కల సారు చెప్పగా నోట్సులో రాసుకున్నవి ఇవి.

ఒకటి తిరిగొచ్చే పావుల ఆట. దీన్ని ఇంగ్లీషువాళ్ళు క్రేజీహౌస్ అంటారు. అంతా మామూలు చదరంగమే. ఐతే నేను నీ గుర్రాన్ని పట్టుకుంటే అది పెట్టెలోకి పోదు, నా చేతికి వస్తుంది. నా వంతు వచ్చినప్పుడు పావు జరపడానికి బదులు ఆ గుర్రాన్ని ఖాళీగా ఉన్న ఏ గడిలోనైనా దించవచ్చు. అప్పట్నించి అది నా గుర్రం. బంటుని మాత్రం మొదటి వరసలో, చివరి వరసలో దించకూడదు. బంటు చివరిదాకా పోయి మంత్రి ఐతే, ఆ మంత్రిని పట్టుకున్నవాళ్ళకి దక్కేది మళ్ళీ బంటే.

ఇది ఎవరో నిన్న మొన్న సరదాకి పెట్టిన పద్ధతి కాదు. జపాన్ దేశంలో షోగి అని ఒక ఆట ఉంది. అదీ చదరంగం కుటుంబంలోదే. 81 గళ్ళు, ఒక్కొక్కరికి 20 పావులు. పట్టుకున్న పావుని మళ్ళీ దించడం అక్కడ కొన్ని వందల ఏళ్ళ నుంచి ఉంది. అదే వృత్తిగా బతికేవాళ్ళు కూడా ఉన్నారు. అందులో ఒక రూలు నాకు భలే నచ్చింది. చేతిలోని బంటుని దించి ఆ దెబ్బతోనే రాజుకి ఆటకట్టు చెయ్యకూడదు. అప్పటికే బోర్డు మీదున్న బంటు నడిచి వచ్చి ఆటకట్టు చెయ్యవచ్చు గానీ, చేతిలోంచి దిగిన బంటు చెయ్యకూడదు. ఎందుకో నాకు సరిగ్గా అర్థం కాలేదు, ఐనా నచ్చింది.

మసుదా కోజో అని షోగిలో చాలా పెద్ద ఆటగాడు ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఓడిపోయిన తర్వాత అక్కడ అమెరికా సైన్యం పెత్తనం నడిచింది. ఆ రోజుల్లో, 1947లో, సైన్యం ఆఫీసువాళ్ళు తనను పిలిపించారని మసుదా గారే తర్వాత చెప్పుకున్నారు. చెస్‌లో లేనిది మీ ఆటలో ఉంది, పట్టుబడినవాళ్ళని మళ్ళీ యుద్ధానికి పంపుతారు, ఇది ఖైదీలను హింసించడం కాదా అని వాళ్ళు అడిగారట. ఆయన భయపడలేదట. మీ చెస్‌లో పట్టుబడినవాణ్ణి చంపేస్తారు, మా షోగిలో చంపరు, పాత హోదా ఇచ్చి పని చూపిస్తారు, ఏది హింస అని తిరిగి అడిగారట.

ఇది మా బెంచిలో చదివి వినిపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు, ఒకమ్మాయి తప్ప. "పట్టుకుని, తన రాజు మీదికే తనని తోలితే అదేం న్యాయమే?" అన్నది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మసుదా గారు తెలివిగా చెప్పారు గానీ పూర్తిగా చెప్పలేదనే నాకూ అనిపిస్తుంది.

రెండోది కనపడని ఆట. దీని పేరు క్రీగ్‌స్పీల్. జర్మన్ భాషలో యుద్ధపు ఆట అని అర్థం. 1899లో ఇంగ్లండులో హెన్రీ మైకేల్ టెంపుల్ అనే ఆయన దీన్ని తయారు చేసారు. దీనికి మూడు బోర్డులు కావాలి. ఇద్దరు ఆటగాళ్ళు వీపు వీపు పెట్టుకునో మధ్యలో అడ్డం పెట్టుకునో కూర్చుంటారు. నా బోర్డు మీద నా పావులు నాకు తెలుసు, అవతలివాళ్ళవి ఎక్కడున్నాయో తెలియదు. మూడో బోర్డు రిఫరీ దగ్గర ఉంటుంది, దాని మీద ఇద్దరివీ ఉంటాయి. నేనొక ఎత్తు వేస్తే రిఫరీ చూసి సరే అంటుంది, లేదా కుదరదు అంటుంది. కుదరకపోతే ఇంకోటి వెయ్యాలి. పావు పోతే ఏ గడిలో పోయిందో చెబుతుంది. రాజుకి చెక్ వస్తే నిలువు నుంచా, అడ్డం నుంచా, ఏటవాలుగానా, గుర్రం నుంచా అని చెబుతుంది. అంతకు మించి ఒక్క మాట మాట్లాడకూడదు, నవ్వకూడదు.

చూడకుండా ఎలా ఆడతారు, గుడ్డిగా వెయ్యడమే గదా అని మొదట అందరూ అంటారు. కాదండీ. వినండి. నా ఏనుగు ఒకటో గడిలో ఉంది. ముందు దాన్ని నిటారుగా ఏడో గడికి అని అడిగాను. రిఫరీ కుదరదు అన్నది. తర్వాత నాలుగో గడికి అన్నాను. సరే అన్నది, ఏ పావూ పోలేదు. అంటే నాలుగు దాకా దారి ఖాళీ. ఏడులో శత్రువు ఉంటే నేను పట్టుకునేదాన్నే, కాబట్టి అడ్డం ఉన్నది ఐదులోనో ఆరులోనో. చూసారా, కుదరదు అన్న ఒక్క మాటకి ఎంత తెలిసిపోయిందో! లెక్కల పీరియడులో నన్ను బోర్డు దగ్గరికి పిలిస్తే కాళ్ళు వణుకుతాయి. కానీ ఇది మాత్రం నాకు ఎవరూ చెప్పకుండానే వచ్చింది. మా తాత అడవిలో పోతూ పోతూ ఆగి, ఎండుటాకుల చప్పుడు విని అది నెమలో పందో చెబుతాడు. కనపడనిదాన్ని వినపడేదాన్ని బట్టి పట్టుకోవడం మన ఇళ్ళల్లో ఉన్న విద్యే. తాతకి సంతకం రాదు, ఐనా ఈ ఆటలో రిఫరీ చెప్పేది నాకంటే బాగా పట్టుకుంటాడని పందెం కాస్తా. (పందెం అంటే ఉత్త మాటే మేడం, డబ్బులు కాదు.)

చదువులేనివాళ్ళ ఆట అనుకోకండి. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం చదివే పెద్ద పెద్దవాళ్ళు దీన్ని ఆడేవారు. వాళ్ళల్లో జాన్ నాష్ గారికి 1994లో, లాయిడ్ షాప్లీ గారికి 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇద్దరూ ఆటల గణితం మీద పని చేసినవాళ్ళు.

ఇక వద్దనేవాళ్ళ మాటలకు వస్తాను.

"చెస్‌కి రూల్సు ఉన్నాయి, వాటిని మార్చకూడదు" అంటారు. ఏ రూల్సు? మన దేశంలో చతురంగం పుట్టినప్పుడు మంత్రి ఏటవాలుగా ఒక్క గడే నడిచేది. ఆట పర్షియాకి పోయి, అరబ్బులకి పోయి, యూరపుకి చేరినాక, అక్కడివాళ్ళు దాన్ని క్వీన్ అన్నారు, 1500 ప్రాంతంలో దానికి ఇప్పుడున్నంత బలం ఇచ్చారు. మనం ఇప్పటికీ మంత్రి అంటాం, కాని నడిపించేది వాళ్ళ క్వీన్ నడకే. వాళ్ళు ఆనాడు మార్చినారు కాబట్టే మనం ఈనాడు ఈ ఆట ఆడుతున్నాం.

"ఇది మనకు తెలియని విదేశీ పద్ధతి" అని ఇంకొకరన్నారు. పులి-మేకలో చచ్చిన మేక తిరిగి రాదు, నిజమే. కానీ ఓమనగుంటలు ఎలా ఆడతాం? గెలుచుకున్న చింతగింజలతోనే గదా మళ్ళీ ఆటకి గుంటలు నింపుకుంటాం! పట్టుకున్నది మళ్ళీ ఆటలోకి రావడం మా అవ్వకి తెలిసిన సంగతే. గుప్పిట్లో గింజలు దాచి సరా బేసా అని అడగడం కూడా చిన్నప్పట్నించి ఆడుతున్నాం.

"దాచి ఆడేది జూదం" అనే మాట నాకు చాలా బాధ కలిగించింది. ఇందులో పాచికలు లేవు, పేకముక్కలు లేవు, డబ్బు లేదు. ఎవరి బుర్రతో వాళ్ళు ఆడాలి.

"జోనల్ పోటీలకు పోయే నలుగురూ పాడైపోతారు" అన్న మాటలో మాత్రం కొంత న్యాయం ఉంది. కోనేరు హంపి గారు 2019లో, మళ్ళీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు. అలాంటిది సాధించాలంటే అసలు చెస్సే రోజూ ఆడాలి, ఒప్పుకుంటాను. అంచేత పోటీలకు ముందు నెల రోజులు ఆ నలుగురూ ఈ ఆటల జోలికి రాకుండా ఉంటే మంచిది. కానీ మిగతావాళ్ళం ఏం చెయ్యాలి? నలుగురి కోసం బోర్డులన్నీ బీరువాలో ఉంటే మిగతా అందరం కిటికీ దగ్గర నిలబడి చూడాల్నా? మా ఇళ్ళల్లో చెస్ బోర్డు లేదు, నేర్పేవాళ్ళు లేరు. పది మొదటి ఎత్తులు పుస్తకంలో కంఠస్థం చేసినవాళ్ళతో మామూలు చెస్ ఆడితే ఐదు నిమిషాల్లో మా పావులు పెట్టెలో, మేం వరండాలో. తిరిగొచ్చే పావుల ఆటలో అలా కాదు. మంత్రి పోయినా ఆట పోదు. చేతిలో రెండు గుర్రాలు, ఒక బంటు ఉన్నాయంటే ఎదుటివాళ్ళకి గుండె దడే. డ్రాలు కూడా తక్కువ.

ఒక సంగతి చెప్తాను. పోయిన ఏడు మిర్చి కోతలకు ఇంటివాళ్ళతో పోయిన ఒక చెల్లి రెండు నెలల తర్వాత తిరిగి వచ్చింది. పాఠాలు చాలా దూరం పోయినై. క్లాసులో వెనక బెంచి, ఆటల్లో అప్పటికే టీములు ఐపోయినై. ఎవరూ పొమ్మనలేదు, రమ్మని కూడా అనలేదు. కనపడని ఆటకి మాకు రిఫరీ దొరక్క ఆ అమ్మాయిని కూర్చోబెట్టాం. మూడు ఆదివారాల్లో ఆమె లాంటి రిఫరీ హాస్టల్ మొత్తంలో లేదు. మొహం చూస్తే ఏమీ తెలియదు, రాయిలాగ ఉంటుంది. టెన్త్ అక్కలు గూడా వచ్చి "నువ్వే కూర్చోవే" అని బతిమాలుతున్నారు. పాఠాలు ఇంకా వెనకే ఉన్నాయి, ఆట వల్ల లెక్కలు వచ్చేసినాయని నేను అబద్ధం రాయను. కానీ దసరా సెలవులకి వెళ్ళి గేటు తీసే రోజుకే తిరిగొచ్చింది, చెప్పకుండానే.

కొత్తగా వచ్చిన ఆరో తరగతి పిల్లలకి తెలుగు ఇంకా బాగా రాదు. రిఫరీ మాటలు పది లోపే గనుక మన భాషలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పవచ్చు. ఇద్దరికీ ఒకేలా చెప్పాలి, అది మాత్రం ముఖ్యం.

గోల గురించి వార్డెన్ మేడం గారికి ఒక మనవి. గోల చేసేది వేరే ఆట, బగ్‌హౌస్ అని. నలుగురు రెండు జట్లుగా రెండు బోర్డుల మీద ఆడతారు, ఒకళ్ళు పట్టుకున్న పావుని పక్కన కూర్చున్న తన జట్టు మనిషికి ఇస్తారు. "గుర్రం కావాలి, గుర్రం!" అని అరుపులే అరుపులు. అది చదువుకునే హాలులో వద్దని నేను కూడా అంటాను, చెట్టు కింద ఆడుకోవచ్చు. కనపడని ఆటలో ఎవరూ నోరెత్తరు. నోరెత్తితే రిఫరీ మాట వినపడదు గదా. ఆదివారం మధ్యాహ్నం మేడం గారికి నిద్ర కూడా పడుతుంది.

ఖర్చు ఏమీ లేదు. తెల్లపావు పట్టుకుంటే నల్లది కావాలి కాబట్టి రెండు సెట్లు కావాలంటారు. మేము అవసరం లేకుండా చేసాం. షోగి పావులన్నీ ఒకే రంగు, ఒక కొస మొనదేలి ఉంటుంది, మొన ఎటు చూస్తే అది అవతలివాళ్ళ మీదికి పోతున్నట్టు. అలాగే పాత నోటుబుక్కు అట్టలు కోసి రా, మం, ఏ, శ, గు, బం అని రాసుకున్నాం. పట్టుకున్న ముక్కని ఇటు తిప్పి పెడితే చాలు, మనదైపోతుంది. కనపడని ఆటకి అడ్డం ట్రంకు పెట్టె మూత సరిపోతుంది. రెండు బోర్డులు చాక్‌పీసుతో నేల మీద గీసుకుంటాం, రిఫరీకి మాత్రం నిజం బోర్డు కావాలి, గీత చెరిగితే తగాదా వస్తుంది.

అంచేత మేము అడిగేది ఆదివారం రెండు గంటల నుంచి నాలుగు గంటల దాకా రెండు బోర్డులు. బీరువా తాళం చెవి టెన్త్ అక్కల దగ్గరే ఉండనివ్వండి, పావులు లెక్కపెట్టి తీసుకుని లెక్కపెట్టి ఇస్తాం. రిఫరీగా కూర్చోవాలనుకునేవాళ్ళు శనివారం రాత్రి భోజనాల లోపల మా క్లాసు మానిటర్‌కి పేరు ఇవ్వండి. మొహంలో నవ్వు ఆపుకోలేనివాళ్ళు దయచేసి ఇవ్వకండి.

ఇట్లు,
9వ తరగతి, బి సెక్షన్ విద్యార్థిని