బిడ్డల పళ్ళలోనూ తరతమ భేదమా?

వేతనాలు, కరువు భత్యం, పెన్షన్ల గురించి ఈ పుటలలో తరచుగా వ్రాస్తుంటాము. ఈ మారు బిడ్డల పళ్ళను గురించి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని వైద్య సౌకర్యం శ్రామికుని హక్కు అయినప్పుడు, అది అందరి బిడ్డలకూ సమానంగా అందుతున్నదా అని అడగడం మన విధి.

2002-03లో జరిగిన జాతీయ సర్వేలో 12 ఏళ్ళ పిల్లలలో 53.8 శాతానికీ, 15 ఏళ్ళ వారిలో 63.1 శాతానికీ పిప్పిపళ్ళు ఉన్నట్లు తేలింది. ఇది చాలవరకు నివారింపదగిన వ్యాధి. ఆరవ ఏట పాలపళ్ళ వెనుక మొలిచే దవడ పన్ను శాశ్వతమైనది. అదీ ఊడిపోయేదేనని తల్లిదండ్రులు పొరబడుతుంటారు. దాని సందులలో తీపి చిక్కుకొనగా, సూక్ష్మజీవులు ఆమ్లాన్ని పుట్టించి పంటిని తొలుస్తాయి. పన్ను మొలిచిన కొద్దికాలంలోనే వైద్యుడు రక్షణ పూతతో ఆ సందులను మూసి, ఇంట్లో రోజుకు రెండు మార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోమిస్తే ఆ పన్నును కాపాడుకోవచ్చు. నల్గొండ వంటి ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాలలో మాత్రం వైద్యుని సలహా అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ పేస్టును అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

ఈ జాగ్రత్త ఎవరికి అందుతున్నది? డివిజన్ కేంద్రంలో పనిచేసే గుమాస్తా బిడ్డకు రైల్వే ఆసుపత్రి చేరువలో ఉంటుంది. రోడ్‌సైడ్ స్టేషన్ వద్ద కాపురముండే ట్రాక్ కార్మికుడు బిడ్డను అక్కడికి తీసుకొనిపోవాలంటే ఒక దినం సెలవు పెట్టాలి. అందుచేత నొప్పి భరింపరానిదైన తరువాత, పన్ను పీకించడానికే పోవడం జరుగుతున్నది. పెద్ద నగరాల తపాలా ఉద్యోగికి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉన్నది. గ్రామీణ డాక్ సేవకునికి అదీ లేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రభుత్వ పాఠశాలల పిల్లల పళ్ళను పరీక్షించి, జబ్బున్న వారిని పైఆసుపత్రికి పంపుతుంది. జబ్బు రాకముందు వేయవలసిన పూత సంగతి అలాగే మిగిలిపోతున్నది.

మా కోర్కెలు స్పష్టమైనవి. రైల్వే దంత వైద్యులు ఏడాదికి రెండు మార్లు రోడ్‌సైడ్ స్టేషన్ల క్వార్టర్లకే వచ్చి పిల్లల పళ్ళు పరీక్షించి, రక్షణ పూత వేయాలి. గ్రామీణ డాక్ సేవకుల కుటుంబాలను ఆరోగ్య పథకంలో చేర్చాలి.

ప్రతి శాఖ తన పరిధిలో ఎందరు పిల్లలు ఇంతవరకు దంత వైద్యుని వద్దకే పోలేదో లెక్క తీసి కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము. ఆ లెక్కలు చేతబట్టుకొనిపోతేనే అధికారుల ఎదుట మన మాట చెల్లుతుంది.