మందలో రోగం: క్రిమి ఒక్కటే చాలదు

రోగకారక క్రిమి ఒంట్లో చేరినంత మాత్రాన జీవం జబ్బు పడదు. ఆ క్రిమి లోపల నిలదొక్కుకోవాలి, పెరగాలి, కణాలను దెబ్బతీయాలి. దెబ్బతీసే తీరు ఒక్కో క్రిమికి ఒక్కోలా ఉంటుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మెట్టల్లో మేసే గొర్రెలు, మేకలకు ముప్పు తెచ్చే నాలుగు రోగాలు ఈ తేడాను చూపిస్తాయి.

చిటుక రోగానికి కారణం క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ డి రకం బాక్టీరియా. ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లోనూ అది కొద్దిగా ఉంటుంది. తొలకరికి మొలిచిన లేత గడ్డిని జీవం ఆబగా మేస్తే ఆ బాక్టీరియా విపరీతంగా పెరిగి ఎప్సిలాన్ అనే విషాన్ని వదులుతుంది. ఆ విషం రక్తంలో కలిసి మెదడు, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. రాత్రి ఆడుకున్న పిల్ల తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. మందు వేసే వ్యవధే ఉండదు.

దొమ్మ రోగపు బాక్టీరియా నేలలో సిద్ధబీజాలుగా దశాబ్దాల పాటు బతుకుతుంది. మేతతో లోపలికి పోయి రక్తంలో పెరుగుతుంది. చచ్చిన జీవం ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని రక్తం కారుతుంది. కళేబరాన్ని కోస్తే గాలి తగిలి కొత్త సిద్ధబీజాలు ఏర్పడతాయి. మనిషికీ సోకుతుంది.

వైరస్‌ల దారి వేరు. అవి కణాల్లోకి దూరి అక్కడే పెరుగుతాయి. నీలి నాలుక వైరస్‌ను వానల తర్వాత పెరిగే కూలికాయిడిస్ అనే దోమల్లాంటి సన్నటి కీటకాలు మోస్తాయి. అది రక్తనాళాల లోపలి పొరను పాడుచేయడంతో మూతి వాస్తుంది, నాలుక కందిపోతుంది, జీవం కుంటుతుంది. ఈ వైరస్‌లో 24కు పైగా రకాలున్నాయి. ఒక రకానికి వేసిన టీకా మరో రకాన్ని పూర్తిగా ఆపదు. అందుకే మన దేశంలో ఐదు రకాలు కలిపిన టీకా తయారైంది.

పారుడు రోగపు వైరస్ ముందుగా రోగనిరోధక కణాలనే పట్టుకుంటుంది. రక్షణ కూలాక ఇతర బాక్టీరియా ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెస్తాయి. ఈ రోగాన్ని 2030 నాటికి ప్రపంచమంతటా నిర్మూలించాలన్నది లక్ష్యం.

2008లో మొదలైన ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల, పులివెందులలోని పశు పరిశోధన కేంద్రం ఈ ప్రాంతానికే దక్కిన వనరులు. అయితే వాటి విజ్ఞానం దొడ్డి దాకా చేరితేనే ఫలితం. చిటుక టీకా తొలకరికి ముందే పడాలి. అనుమానాస్పదంగా చచ్చిన జీవాన్ని కోయకుండా పశువైద్యుడికి కబురు చేయాలి. రోగం కనబడ్డాక చేసే ఖర్చు కన్నా ఈ రెండు జాగ్రత్తలే మందను ఎక్కువగా కాపాడతాయి.