ధర చీటీలో లేని పేరు

ఇన్‌స్టాలో ఇంటీరియర్ డిజైన్ రీల్స్ చూసే అలవాటు ఉంటే చార్ల్‌స్టన్ అనే ఊరి పేరు మీకు ఎప్పుడో ఒకసారి తగిలే ఉంటుంది. అమెరికా దక్షిణాదిలో, సౌత్ కరోలినా రాష్ట్రంలో, సముద్రం పక్కన 1670లో మొదలైన ఊరు. గులాబీ, పసుపు, లేత నీలం రంగుల్లో 13 ఇళ్ళు వరసగా ఉండే రెయిన్‌బో రో అక్కడిదే. ఆ ఊళ్ళో కింగ్ స్ట్రీట్ కింది భాగం పాత సామాన్ల షాపులకి పేరు. మహాగనీ బీరువాలు, వెండి చెంచాలు, గిల్టు ఫ్రేముల అద్దాలు, ఇత్తడి దీపాలు. ఇల్లు కొత్తగా కట్టుకున్నవాళ్ళు పాతదనం కొనుక్కోవడానికి అక్కడికి వెళ్తారు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పాత వస్తువు అమ్మేటప్పుడు దాన్ని ఎవరు చేశారో చీటీ మీద రాయాలి. తెలియకపోతే తెలియదని రాయాలి. కొనేవాళ్ళు ఆ ప్రశ్న అడగాలి. "అమెరికా షాపుల గొడవ మనకెందుకురా బాబూ" అనుకుంటున్నారా? కాస్త ఓపిక పట్టండి, మన ఊరికి కూడా వస్తాను.

ముందు చార్ల్‌స్టన్‌కి దక్కాల్సిన మెచ్చుకోలు ఇచ్చేద్దాం. పాతదాన్ని కాపాడుకోవడంలో ఆ ఊరు ముందుంది. 1920లలో బయటి మ్యూజియంలు, డబ్బున్నవాళ్ళు వచ్చి అక్కడి పాత ఇళ్ళ లోపలి చెక్కపని ఊడదీయించి కొనుక్కుపోయేవాళ్ళు. అలా ఒక ఇంటి గదుల చెక్కపని మొత్తం మినియాపొలిస్ మ్యూజియంకి చేరింది. ఇది చూసి ఊరివాళ్ళకి మండింది. 1931లో, అమెరికాలో మొట్టమొదటిసారిగా, ఒక పాత పేట మొత్తాన్ని కాపాడే చట్టం చేశారు. ఇప్పుడు రీల్స్‌లో మనం చూసే అందంలో సగం ఆ చట్టం పుణ్యమే.

అంటే ఇళ్ళని కాపాడారు, గుమ్మాల్ని కాపాడారు. కట్టినవాళ్ళ పేర్లు మాత్రం చాలావరకు పోయాయి. ఉత్తర అమెరికాకి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లలో దాదాపు 40 శాతం మంది ఈ రేవులోనే దిగారని చరిత్రకారుల అంచనా. ఊరి సంపదంతా వాళ్ళు పండించిన వరి, నీలిమందు మీద పెరిగింది. వీధిలో బహిరంగంగా మనుషుల్ని వేలం వేయడాన్ని 1856లో నగరం నిషేధించింది. దాంతో వేలం లోపలికి మారింది, అంతే. 1859లో ఛామర్స్ స్ట్రీట్‌లో అందుకోసం కట్టిన భవనం ఇప్పుడు మ్యూజియం. కింగ్ స్ట్రీట్ షాపుల నుంచి నడిచి వెళ్ళొచ్చు.

ఇప్పుడు ఫర్నిచర్ సంగతి. థామస్ ఎల్ఫ్ అని 18వ శతాబ్దపు చార్ల్‌స్టన్‌లో పేరున్న వడ్రంగి ఉండేవాడు. 1768 నుంచి 1775 వరకు ఆయన రాసుకున్న పద్దు పుస్తకం ఇప్పటికీ ఉంది. ఏ కుర్చీ ఎవరికి, ఎంతకి అమ్మాడో అందులో చూడొచ్చు. ఆయన దగ్గర పనిచేసినవాళ్ళలో బానిసలుగా ఉన్న వడ్రంగులు, రంపపు కోత పనివాళ్ళు కూడా ఉన్నారు. ఇవాళ ఒక బల్లని "ఎల్ఫ్ పనితనం" అనగానే ధర పెరుగుతుంది. ఆ బల్ల కాలు నున్నగా చెక్కిన చెయ్యి ఎవరిదో ధరలో కనబడదు.

మా పెద్దమ్మ కూతురు షార్లెట్‌లో ఉంటుంది. మొన్న కొత్త ఇంటికి సామాన్లు చూడ్డానికి చార్ల్‌స్టన్ వెళ్ళి, షాపులోంచే వీడియో కాల్ చేసింది. "ఒరే, ఈ బల్ల ఎలా ఉంది?" అంది. చీటీ చూపించమన్నాను. కర్ర పేరుంది, స్టైల్ ఉంది, ఉజ్జాయింపు సంవత్సరం ఉంది, ధర ఉంది. "ఎవరు చేశారో అడుగక్కా" అన్నాను. అడిగింది. షాపాయన మర్యాదగానే, "ఇక్కడివాళ్ళే" అన్నాడట.

ఇక్కడివాళ్ళే! కరెక్టే కదా, అబద్ధం లేదు.

అక్క బల్ల కొనలేదు. మార్కెట్‌లో ఒక గడ్డి బుట్ట కొనుక్కొచ్చింది. స్వీట్‌గ్రాస్ బుట్టలంటారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన అల్లిక, గల్లా ప్రజలు తరతరాలుగా నిలబెట్టుకున్నారు. 2006లో దాన్ని సౌత్ కరోలినా రాష్ట్ర హస్తకళగా ప్రకటించారు. ఇవాళ గోడకి తగిలించుకునే ఈ అల్లికతో ఒకప్పుడు వడ్లు చెరగడానికి వెడల్పాటి బుట్టలు చేసేవాళ్ళు. అంటే మన చేట! చేటని అలంకారం అనుకుని కొనొచ్చు, తప్పేం లేదు. కానీ అక్కడ అల్లిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది, పేరు అడిగితే చెప్పింది. బల్లకీ బుట్టకీ ఉన్న తేడా అదే.

నన్ను బాగా కదిపింది ఇంకొకటి. చార్ల్‌స్టన్‌లో యజమానులు తమ బానిసల్ని వేరేవాళ్ళకి అద్దెకి ఇచ్చేవాళ్ళు. అందుకు నగరానికి ఫీజు కట్టి ఒక రాగి బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ మీద ఊరి పేరు, సంవత్సరం, చేసే పని, ఒక నంబర్. మనిషి పేరు లేదు. ఆ బిళ్ళలు ఇవాళ వేల డాలర్ల యాంటీక్స్. డిమాండ్ ఎంతుందంటే దొంగ బిళ్ళలు చేసి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. అసలు బిళ్ళా నకిలీదా అని భూతద్దం పెట్టి చూస్తారు. ఆ నంబర్ ఏ మనిషిదని అడిగేవాళ్ళు తక్కువ.

"రికార్డులే లేనప్పుడు షాపువాడు మాత్రం ఏం రాస్తాడు?" అని మా రూమ్మేట్ వాదన. మంచి ప్రశ్నే. మేం సీఎస్ఈ వాళ్ళం కాబట్టి మా భాషలోనే జవాబు చెప్తాను. డీబీఎంఎస్‌లో నల్ అంటే సున్నా కాదు. ఇక్కడ ఉండాల్సిన విలువ మనకి తెలియదు అని ఒప్పుకోవడం. చేసినవారు అనే కాలమ్‌లో నల్ ఉంటే నాకు బాధ లేదు. అసలు టేబుల్‌లో ఆ కాలమే లేకపోవడం నా బాధ. కాలమ్ ఉంటే, ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు దాన్ని నింపుతారు.

"గతం తవ్వితే కొనేవాళ్ళు పారిపోతారు" అనేది రెండో వాదన. అదే సౌత్ కరోలినాలో ఎడ్జ్‌ఫీల్డ్ దగ్గర డేవిడ్ డ్రేక్ అనే కుమ్మరి ఉండేవాడు, బానిస. బానిసలకి రాత నేర్పడం నేరమైన కాలంలో తను చేసిన జాడీల మీద "డేవ్" అని సంతకం పెట్టాడు, కొన్నింటి మీద సొంత కవిత్వం కూడా చెక్కాడు. 2021లో ఆయన చేసిన 25 గ్యాలన్ల జాడీ ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. పేరు తెలిసినందుకు ఎవరూ పారిపోలేదు. కాకపోతే ఆ డబ్బులో డేవ్‌కి పైసా రాలేదు. పేరు రాస్తే న్యాయం జరిగిపోతుందని నేను అనట్లేదు. పేరు లేకపోతే న్యాయం గురించి మాట్లాడటానికి మనిషే ఉండడు అంటున్నాను.

ఇక మన సంగతి. 18వ శతాబ్దంలో మచిలీపట్నం వైపు నుంచి చేతి అద్దకం దుప్పట్లు ఓడలెక్కి యూరప్ వెళ్ళేవి. పలంపోర్ అంటారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అలాంటివి ఉన్నాయి. వాటి దగ్గర సాధారణంగా కోరమండల్ తీరం అని తీరం పేరుంటుంది. అద్దినవాళ్ళ పేరు మనకీ తెలీదు.

అంతదూరం ఎందుకు? మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పాత మేడ పడగొట్టినప్పుడు దాని బర్మా టేకు ద్వారబంధాలు హైదరాబాద్ డీలర్ కొన్నాడు. ఏ రిసార్ట్‌లోనో సెల్ఫీ పాయింట్ అయ్యుంటాయి. ఆ మేడ ఎవరిదో ఊరందరికీ తెలుసు, ఇంటిపేరుతో సహా. గుమ్మం మీద చిలకల్ని ఎవరు చెక్కారు అని అడిగితే, "అప్పట్లో వడ్రంగి ఉండేవాడు" అంది అమ్మమ్మ. కులం గుర్తుంది, పేరు లేదు. రాగి బిళ్ళ మీద ఉన్నది కూడా ఇదే కదా: పని పేరు.

రెండూ ఒకటే అని తేల్చేయను. బానిసత్వం వేరు, మన కులవృత్తుల చరిత్ర వేరు. కానీ మర్చిపోయే పద్ధతి మాత్రం ఒకేలా ఉంది.

ఈసారి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. ఇంట్లో పాత వస్తువు ఒకటి చూడండి. భోషాణం, ఉయ్యాల బల్ల, రోలు, ఏదైనా సరే. ఎవరు చేశారో పెద్దవాళ్ళని అడగండి. పేరు దొరికితే ఒక కాగితం మీద రాసి దానికి అంటించండి. దొరక్కపోతే, "చేసినవారు: తెలియదు" అని రాయండి. అమ్మమ్మ తరం ఉన్నప్పుడే అడగాలి. ఆ తర్వాత డేటా రికవరీ ఉండదు.